మీ చెరువు కట్ట వాకింగ్ ట్రాక్ నిర్వహణకు ప్రభుత్వ నిధులు రాబట్టడం ఎలా

వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల పొద్దున్నే నడిచేవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. చెరువు కట్ట మీద కొత్తగా ట్రాక్ వేస్తారు, రెయిలింగ్ పెడతారు, లైట్లు వెలుగుతాయి, శిలాఫలకం మీద పేర్లు చెక్కుతారు. రెండు వానాకాలాలు దాటేసరికి పేవర్ టైల్స్ కింది మట్టి కొట్టుకుపోయి బాట కుంగుతుంది. సర్కారు తుమ్మ అడ్డంగా వంగుతుంది. లైట్లు ఒక్కొక్కటే ఆరిపోతాయి. ముందు పెద్ద వయసు వాళ్లు రావడం మానేస్తారు, ఆ తర్వాత చీకటి పడ్డాక ఆడవాళ్లు మానేస్తారు. మనుషులు తగ్గాక బాట ఇంకా త్వరగా పాడవుతుంది.

ఇది ఎవరో ఒకరి నిర్లక్ష్యం అనుకుంటే పని జరగదు. కట్టడానికి పథకం ఉంటుంది, చూసుకోవడానికి బడ్జెట్‌లో పద్దు ఉండదు, అసలు ఇబ్బంది అక్కడుంది. వారసత్వ నగరాల కోసం కేంద్రం 2015లో మొదలుపెట్టిన హృదయ్ పథకానికి ఎంపికైన 12 నగరాల్లో వరంగల్ ఒకటి. ఆ పథకం 2019 మార్చితో ముగిసింది. 2016లో వరంగల్ స్మార్ట్ సిటీ జాబితాలో చేరింది. ఆ మిషన్ కూడా 2025 మార్చి 31తో ముగిసింది. పథకాలు వెళ్లిపోయాయి, వాటి కింద వేసిన బాటలు మన దగ్గర ఉన్నాయి. అమెరికాలో 1991 నుంచి రిక్రియేషనల్ ట్రెయిల్స్ ప్రోగ్రామ్ అని ఒకటి నడుస్తోంది. రోడ్లు లేని చోట తిరిగే బండ్ల ఇంధనం మీద పడే కేంద్ర పన్నును ఆధారం చేసుకుని పెట్టిన నిధి అది, బాటల మరమ్మతుకు కూడా దాన్ని వాడుకోవచ్చు. మనకు అలాంటి ప్రత్యేక నిధి లేదు. నాలుగు చోట్ల ఉన్న పైసలను ఒక బాట కోసం కలుపుకోవాలి. అది ఎలాగో ఒక్కో మెట్టుగా చెప్తాను.

మొదటి మెట్టు: తొవ్వ ఎవరిదో తేల్చుకోండి

చాలామంది దరఖాస్తులు ఇక్కడే ఆగిపోతాయి. కార్పొరేషన్‌కి ఇస్తే అది మాది కాదంటారు, అవతలి ఆఫీసుకి వెళ్తే వాళ్లూ అదే మాట అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకే బాట మీద నిజంగానే నాలుగు శాఖలకు హక్కులు ఉంటాయి.

భద్రకాళి చెరువునే తీసుకోండి. చెరువు, కట్ట నీటిపారుదల శాఖ కిందికి వస్తాయి. కట్ట మీద సుందరీకరణలో కుడా పాత్ర ఉంది, అంటే కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ. గుడి దేవాదాయ శాఖది. చుట్టూ ఉన్న కాలనీలు, డ్రైనేజీ, చెత్త, వీధి దీపాలు గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌వి. 2023 జులై వానలకు ఈ చెరువు కట్టకు గండి పడింది, 2024 చివర్లో పూడిక తీయడానికి నీళ్లన్నీ వదిలేశారు. ఇలాంటి పెద్ద పనులు నడిచేటప్పుడు ట్రాక్ ఎవరి ఖాతాలో ఉందో ముందే తెలియకపోతే మన చిన్న దరఖాస్తు ఎవరి టేబుల్ మీదా నిలవదు.

అందుకే మూడు ప్రశ్నలకు జవాబు కాగితం మీద తెచ్చుకోండి. నేల ఎవరిది? దాని మీద ట్రాక్ వేసింది ఎవరు, ఏ నిధితో? వేశాక ఎవరికి అప్పగించారు? నేల సంగతి తహసీల్దార్ ఆఫీసులో తెలుస్తుంది. ట్రాక్ ఎవరు వేశారో తరచుగా శిలాఫలకమే చెప్తుంది, దాని ఫొటో తీసుకోండి. మూడో ప్రశ్నే కీలకం. పని పూర్తయ్యాక ఒక శాఖ ఇంకో శాఖకు అప్పగించినట్టు ఉత్తరం ఉండాలి. చాలా చోట్ల ఆ ఉత్తరమే ఉండదు. అది లేదని తేలితే మీ మొదటి డిమాండ్ మరమ్మతు కాదు, అప్పగింత. ఫలానా తేదీ నుంచి ఫలానా శాఖ నిర్వహిస్తుందని ఒక్క ఉత్తరం వస్తే తర్వాతి పని సగం తేలికవుతుంది.

ఊళ్లలో ఇది కొంచెం సులువు. పల్లె ప్రకృతి వనంలో వేసిన నడక బాట గ్రామ పంచాయతీ చూసుకోవాల్సిందే. చెరువు కట్ట అయితే మళ్లీ నీటిపారుదల శాఖ ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీర్, మాట కావాలి. అడవిలో ఉన్న బాట పూర్తిగా అటవీ శాఖది. పాండవుల గుట్టల్లో రాతి చిత్రాల దగ్గరికి వెళ్లే దారి కావచ్చు, పాఖాల, ఏటూరునాగారం, కవ్వాల అడవుల్లోని కాలిబాటలు కావచ్చు, అక్కడ మీరు ఒక్క పొద కొట్టాలన్నా అనుమతి ఉండాలి. మంచి మనసుతో కొట్టినా అటవీ చట్టం ముందు నేరమే అవుతుంది. వరంగల్ కోట, రామప్ప లాంటి చోట్ల పురావస్తు చట్టం అడ్డొస్తుంది. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త కట్టడం నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల దాకా అనుమతితోనే చేయాలి. కాబట్టి అక్కడ సిమెంటు బెంచీ అడిగే బదులు, ఉన్న బాట శుభ్రం చేయమని అడగడమే మేలు.

రెండో మెట్టు: వాన పడేటప్పుడు ఒకసారి, ఆగిన మర్నాడు ఒకసారి నడవండి

బాటను పాడు చేసేది కాళ్లు కాదు, నీళ్లు. ఈ ఒక్క విషయం మనసులో పెట్టుకుంటే మీ దరఖాస్తులో బలం వస్తుంది, ఇంజనీర్ కూడా మిమ్మల్ని వేరేగా చూస్తారు. మన దగ్గర వాన జూన్ నుంచి సెప్టెంబర్ లోపల కుండపోతగా పడుతుంది. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. అంత వానకు ఏ బాటా తట్టుకోదు, సరే. కానీ మామూలు జులై వానకే పాడవుతోందంటే నీళ్లు పోయే దారి లేదని అర్థం.

నడిచేటప్పుడు చూడాల్సినవి ఇవి. నీళ్లు బాట మీద నిలుస్తున్నాయా? బాట పొడవునా పారుతున్నాయా, అడ్డంగా దాటి పోతున్నాయా? పొడవునా పారితే కొద్ది వానలకే కోత పడి చిన్న కాలువలా మారుతుంది. బాట ఒక పక్కకి కొంచెం వాలి ఉండాలి. 2 మీటర్ల వెడల్పు బాటకి 4 నుంచి 6 సెంటీమీటర్ల వాలు చాలు, నడిచేవాళ్లకి తెలియను కూడా తెలియదు. గుట్ట పక్క బాట అయితే లోయ వైపు వాలాలి. చెరువు కట్ట అయితే సాధారణంగా రాళ్లు పేర్చిన నీటి వైపు వాలుస్తారు, వెనక వైపు మట్టి వాలు కోసుకుపోకుండా. అయినా కట్ట విషయంలో ఇంజనీర్ మాటే చివరి మాట.

కట్ట మీద ఇంకో జాగ్రత్త. నీడ కోసం చెట్లు నాటమని అడగాలని మనకు అనిపిస్తుంది. కట్ట మీద పెద్ద చెట్ల వేర్లు లోపలికి దిగి, ఆ వేర్లు కుళ్లాక బుంగలు పడతాయి, బుంగ పెద్దదైతే గండి అవుతుంది. నీటిపారుదల శాఖ ఒప్పుకోకపోవడానికి కారణం అదే, వాళ్లతో వాదించకండి. నీడ కావాలంటే కట్ట దిగాక, కట్ట పాదానికి దూరంగా అడగండి.

ఫోన్‌లో తేదీ, లొకేషన్ పడే కెమెరా యాప్ వేసుకుని పాడైన ప్రతి చోటా ఫొటో తీయండి. మత్తడి (అలుగు) దగ్గర నుంచి మొదలుపెట్టి ప్రతి 100 మీటర్లకూ ఒక గుర్తు అనుకుని నోట్‌బుక్‌లో రాయండి: 300 దగ్గర 4 మీటర్ల మేర టైల్స్ కుంగాయి, 450 దగ్గర తుమ్మ చెట్టు, 600 నుంచి 700 దాకా లైట్లు లేవు. ఇలా రాసిన పేజీ ఒక్కటి చాలు. "ట్రాక్ అధ్వాన్నంగా ఉంది, వెంటనే బాగుచేయాలి" అన్న దరఖాస్తుకి ఏ ఏఈ కూడా ఎస్టిమేట్ వేయలేరు. పేజీ చేతిలో ఉంటే ఆ రోజే టేపు పట్టుకుని బయల్దేరొచ్చు.

నడకకు వెళ్లేటప్పుడు కట్టను రోజూ వాడే మిగతావాళ్లను కూడా కలవండి. ఆయకట్టు రైతులు, చేపలు పట్టే ముదిరాజులు, బెస్తవాళ్లు, బట్టలుతికే చాకలివాళ్లు, గొర్రెలు తోలుకెళ్లేవాళ్లు మనకంటే ముందు నుంచి ఆ కట్ట మీద ఉన్నారు. వాళ్ల దారికి గేటు పెట్టమని అడిగే దరఖాస్తు మీద నేనైతే సంతకం పెట్టను. వాళ్లు మీతో ఉంటే గ్రామ సభలో మీ మాట నిలుస్తుంది.

మూడో మెట్టు: పనిని మూడు ముక్కలు చేయండి

ఒకటి, కాంట్రాక్టర్ ఇంకా బాధ్యుడిగా ఉన్న పని. రెండు, ఒక్కసారి చేయాల్సిన మరమ్మతు. మూడు, ఏటేటా చేయాల్సిన నిర్వహణ. మూడింటికీ పైసలు వేర్వేరు చోట్ల నుంచి వస్తాయి కాబట్టి ఒకే దరఖాస్తులో కలిపి అడిగితే మొత్తం ఆగుతుంది.

మొదటిది చాలామంది మర్చిపోతారు. టెండర్ ఒప్పందంలో డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ అని ఉంటుంది. ఆ గడువులోపల పని పాడైతే కాంట్రాక్టర్ సొంత ఖర్చుతో బాగుచేయాలి. అతని డిపాజిట్ కొంత ఆఫీసు దగ్గరే ఉంటుంది. గడువు తరచుగా రెండేళ్లు, కానీ ఒప్పందంలో ఏం రాశారో అదే లెక్క. ట్రాక్ వేసి ఏడాదే అయితే కొత్త నిధులు అడగకండి. ముందు ఈ గడువు ఎప్పటిదాకా ఉందో అడగండి. గడువు ముగిసి డిపాజిట్ వెనక్కి ఇచ్చేశాక అడిగితే లాభం లేదు.

మూడోది ఎంత చిన్నదో లెక్క వేసి చూపించడం మీ చేతిలో ఉన్న మంచి ఆయుధం. ఒక కిలోమీటర్ మొరం బాట, 2 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల మందం అనుకోండి. మొత్తం 200 ఘనపు మీటర్ల మొరం, అంటే దాదాపు 7,000 ఘనపుటడుగులు. ట్రాక్టర్ ట్రాలీకి 100 అడుగులు లెక్కేస్తే 70 ట్రిప్పులు. ఇది బాట అంతా కొత్తగా వేస్తే. ఏటా పదో వంతు మాత్రమే కొట్టుకుపోతుందనుకుంటే 7 ట్రిప్పులు చాలు. మీ ఊరి మొరం ట్రిప్పు ధరతో గుణించి, దానికి తుమ్మ కొట్టే కూలి, పక్క కాలువ పూడిక తీసే కూలి, లైట్ల మరమ్మతు కలపండి. వచ్చిన మొత్తాన్ని ట్రాక్ వేయడానికి అయిన ఖర్చు పక్కన పెట్టి రాయండి. అధికారికి అయినా, కార్పొరేటర్‌కి అయినా ఈ రెండు అంకెలు పక్కపక్కన కనపడాలి.

మీ లెక్క మీ లెక్కే, ప్రభుత్వానికి పనికొచ్చే ఎస్టిమేట్ ఏఈ వేయాలి. ఆయన ప్రభుత్వ ధరల పట్టిక ప్రకారం వేస్తారు, అది మార్కెట్ ధరకు దగ్గరగా లేకపోవచ్చు. దాని గురించి గొడవ పడక్కర్లేదు. ఎస్టిమేట్‌లో నీళ్లు పోయే వాలు, అడ్డంగా పెట్టే పైపులు ఉన్నాయో లేదో మాత్రం చూడండి. అవి లేకుండా పైన టైల్స్ మార్చితే వచ్చే ఏడాది ఇదే పని మళ్లీ అడగాలి.

నాలుగో మెట్టు: ఏ సంచిలో ఏ పైసలున్నాయో తెలుసుకోండి

నగరంలో ఉన్నవాళ్లకి ముందు కార్పొరేషన్ సొంత బడ్జెట్. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019లో వచ్చింది. దాని ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టాలి, దాన్నే హరిత బడ్జెట్ అంటారు. ట్రాక్ టైల్స్‌కి అది రాదు. కానీ బాట పక్క మొక్కలకు నీళ్లు పోయడం, కలుపు తీయడం, ట్రీ గార్డులు దాంట్లో పెట్టొచ్చు. ఊడవడం, చెత్త ఎత్తడం పారిశుధ్య విభాగం పని, దానికి కొత్త నిధి అక్కర్లేదు, మీ డివిజన్ జవాన్ రోజువారీ రూట్‌లో కట్ట చేరితే చాలు. లైట్లు విద్యుత్ విభాగానివి. చివరికి ఇంజనీరింగ్ విభాగం జనరల్ ఫండ్ నుంచి అడగాల్సింది బాట ఉపరితలం, కాలువలు మాత్రమే. ఇలా విడదీస్తే ఒక్కో విభాగం మీద పడే భారం చిన్నదవుతుంది, చిన్న పనికి మంజూరు కూడా కింది స్థాయిలోనే దొరుకుతుంది.

అదే చట్టం ప్రతి వార్డుకీ నాలుగు కమిటీలు ఉండాలంటుంది: యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖ పౌరులు, ఒక్కోదానిలో 15 మంది. మీ డివిజన్‌లో సీనియర్ సిటిజన్ల కమిటీలో ఎవరున్నారో కనుక్కోండి. పొద్దున వాకింగ్‌లో మీకు రోజూ ఎదురయ్యే మనిషే అయ్యుండొచ్చు. కమిటీ తీర్మానం జతచేసిన దరఖాస్తుకి బరువు ఎక్కువ.

బతుకమ్మ సమయాన్ని వదులుకోకండి. ఏటా పండుగకి ముందు చెరువుల దగ్గర చదును చేయడానికి, పొదలు కొట్టడానికి, లైట్లు పెట్టడానికి మున్సిపాలిటీలూ పంచాయతీలూ ఖర్చు చేస్తాయి. పద్మాక్షి గుట్ట గుండం దగ్గర, భద్రకాళి దగ్గర ఆ హడావిడి మీరు చూసే ఉంటారు. తాత్కాలిక లైట్ల ఏర్పాటుతోపాటు ఆరిపోయిన పాత లైట్లను కూడా బాగుచేయమని ఆగస్టులోనే రాసివ్వండి. ఎలాగూ మనుషులు, మెషీన్లు అక్కడికి వస్తారు, ఇంకో 500 మీటర్లు ముందుకు వెళ్లి పొదలు కొట్టడానికి కొత్త ఫైలు అక్కర్లేదు.

ఊళ్లో ఉన్నవాళ్లకి గ్రామ పంచాయతీయే మొదటి గుమ్మం. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామ సభ జరగాలి, పంచాయతీ బడ్జెట్‌లోనూ 10 శాతం పచ్చదనానికి ఉండాలి. ట్రాక్టర్, ట్యాంకర్, మల్టీపర్పస్ వర్కర్లు పంచాయతీ దగ్గర ఉన్నారు కాబట్టి మొరం తోలడం, నీళ్లు పోయడం మీద అయ్యే నిజమైన ఖర్చు డీజిల్, కూలీ అంతే. ఇక ఆర్థిక సంఘం నిధులు. 2021 నుంచి 2026 దాకా నడిచిన 15వ సంఘం కాలంలో ఎక్కువ వాటా, అంటే 60 శాతం, తాగునీరు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాల్సి ఉండేది. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి పెట్టుకునే వీలుండేది, జీతాలకు తప్ప. 2026 ఏప్రిల్ నుంచి 16వ సంఘం కాలం మొదలైంది, ఇప్పుడు వాటాలు ఎలా ఉన్నాయో కార్యదర్శి దగ్గర కాగితం అడిగి చూడండి. ఏ వాటా అయినా ఒకటి మాత్రం ఖాయం: పని గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో రాసి ఉంటేనే దానికి ఆ పైసలు ఖర్చు పెట్టడానికి వీలవుతుంది.

ఉపాధి పనులు కూడా ఆలోచించొచ్చు. పొదలు తీయడం, కాలువ పూడిక, మట్టి పని కూలీలతో చేసేవే. ఏ పనులు ఒప్పుకుంటారన్న జాబితా మారుతుంటుంది, ఈ ఏడాది జాబితా మండలంలో ఉపాధి పనులు చూసే అధికారి, ఏపీఓ దగ్గర చూసుకోండి.

ఎంపీ నిధుల గురించి పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు ఉంటాయి, కానీ ఆ పథకం ఉద్దేశం నిలిచి ఉండే కొత్త ఆస్తులు సృష్టించడం. నిర్వహణను వాడుకునే సంస్థే చూసుకుంటానని ముందుగా హామీ ఇవ్వాలి. అందుకే ఎంపీని ఒక కల్వర్టు, ఒక రిటైనింగ్ వాల్, మెట్ల దారి లాంటి ఒక్కసారి పని అడగండి, ఏటేటా అయ్యే పని అడగకండి. ఎమ్మెల్యే నియోజకవర్గ నిధి సంగతీ దాదాపు అంతే. ఈ రెండు నిధుల కాగితాలూ జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి ఆఫీసులో తిరుగుతాయి, సిఫార్సు లేఖ వచ్చాక ఫైలు కదలికను అక్కడే కనుక్కోవాలి.

భూపాలపల్లి, పెద్దపల్లి, మంచిర్యాల వైపు ఉన్నవాళ్లకి ఇంకో రెండు దారులు ఉన్నాయి, వరంగల్ వాళ్లకి అంతగా అందనివి. ఒకటి జిల్లా ఖనిజ నిధి. బొగ్గు, ఇసుక, రాయి తవ్వేవాళ్లు కట్టే రాయల్టీ మీద అదనంగా వసూలై, గనుల వల్ల ప్రభావం పడిన ఊళ్ల కోసం జిల్లాలోనే ఉండే నిధి అది, 2015 నుంచి ఉంది. పెద్ద వాటా తాగునీరు, ఆరోగ్యం, చదువు లాంటి వాటికి పోతుంది, మిగిలిన దాంట్లో మౌలిక వసతులకు చోటుంది. రెండోది కంపెనీల సామాజిక బాధ్యత నిధి, అంటే సీఎస్ఆర్. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం లాభాలున్న పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి. సింగరేణి, రామగుండం ఎన్‌టీపీసీ ఉన్న ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. అయితే కంపెనీ డబ్బు మీ వాకర్స్ సంఘం ఖాతాలోకి తెచ్చుకోవాలని చూడకండి. సొసైటీ రిజిస్ట్రేషన్‌కి ఏడుగురు చాలు కానీ, ఆ తర్వాత పన్ను కాగితాలు, సీఎస్ఆర్ ఫారాలు, ఆడిట్లు అన్నీ మీ మీద పడతాయి, పైసల దగ్గర స్నేహాలు చెడతాయి. కలెక్టర్ ద్వారా కానీ పంచాయతీ ద్వారా కానీ పని జరగనివ్వండి. సంఘం పని అడగడం, చూడటం.

అడవి బాటలకు అటవీ శాఖ సొంత బడ్జెట్‌తోపాటు వన సంరక్షణ సమితులు ఉన్నాయి. జలపాతాల దగ్గర, ఎకో టూరిజం చోట్ల వసూలయ్యే ప్రవేశ రుసుము ఎక్కడికి పోతోందో, అందులో బాట నిర్వహణకు ఎంత పెడుతున్నారో రేంజ్ ఆఫీసర్‌ని అడగండి. టికెట్ కొన్న మనిషికి ఆ ప్రశ్న అడిగే హక్కు ఉంది.

అయిదో మెట్టు: సరైన నెలలో అడగండి

ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. పంచాయతీ ప్రణాళిక పని సాధారణంగా అక్టోబర్ 2 గ్రామ సభలతో మొదలై జనవరి దాకా సాగుతుంది. మున్సిపల్ బడ్జెట్ కసరత్తు కూడా చలికాలంలోనే. జూన్‌లో బాట కొట్టుకుపోయాక పరుగెత్తితే అప్పటికి బడ్జెట్ ఎవరెవరికో పంచేసి ఉంటుంది. కాబట్టి జులై, ఆగస్టుల్లో ఫొటోలు, సెప్టెంబర్‌లో కొలతలు, అక్టోబర్‌లో దరఖాస్తు, జనవరిలో బడ్జెట్ ముసాయిదాలో పద్దు ఉందో లేదో చూడటం. పని మాత్రం మార్చి నుంచి మే మధ్యలో, వాన రాకముందు అయిపోవాలి. మార్చి నెలాఖరు బిల్లుల హడావిడిలో మొదలైన పనిని రోజూ వెళ్లి చూడండి, ఆ సమయంలో సిమెంటు పనికి నీళ్లు పట్టే క్యూరింగ్‌లో కూడా తొందరపడతారు.

ఆరో మెట్టు: దరఖాస్తు రాయడం

ఒక పేజీ దాటొద్దు. ఇలా ఉంటే సరిపోతుంది:

*గౌరవనీయులైన కమిషనర్ గారికి,*

*విషయం: ... చెరువు కట్ట నడక బాట (పొడవు ... మీటర్లు) వార్షిక నిర్వహణకు బడ్జెట్‌లో పద్దు కేటాయించుట గురించి.*

*ఈ బాటను ... సంవత్సరంలో ... నిధులతో ... శాఖ వేసింది. ప్రస్తుతం దీని నిర్వహణ ఏ విభాగానిదో స్పష్టం చేయగలరు. జతచేసిన పట్టికలో పాడైన చోట్లు, కొలతలు, ఫొటోలు ఉన్నాయి. మా విన్నపాలు మూడు. ఒకటి, కాంట్రాక్టర్ బాధ్యత గడువులో ఉన్న లోపాలను అతనితో సరిచేయించడం. రెండు, పట్టికలోని మరమ్మతులకు ఎస్టిమేట్ వేయించి వానాకాలం లోపు పూర్తి చేయించడం. మూడు, వచ్చే సంవత్సరం నుంచి ఈ బాట పేరుతో నిర్వహణ పద్దు పెట్టడం. తనిఖీకి వచ్చే ఏఈ గారితో కలిసి నడవడానికి మేము సిద్ధంగా ఉన్నాం.*

మూడో విన్నపంలో "ఈ బాట పేరుతో" అన్న మాట తీసేయకండి. పార్కుల నిర్వహణ అని మొత్తంగా ఒక పద్దు ఉంటే మీ కట్ట వంతు ఎప్పటికీ రాదు.

సోమవారం ప్రజావాణిలో ఇవ్వండి, రసీదు నంబర్ తీసుకోండి. అదే రోజు ఒక కాపీ నీటిపారుదల శాఖకు, ఒకటి కార్పొరేటర్ లేదా సర్పంచ్‌కి. సంతకాల్లో ఆడవాళ్ల సంతకాలు సగమైనా ఉండేలా చూడండి. చీకటి బాట గురించి వాళ్లు రాసిన రెండు వాక్యాలు మనం రాసిన పేజీ కంటే బాగా పనిచేస్తాయి.

ఏడో మెట్టు: వెంటపడటం

నెల రోజులు కదలిక లేకపోతే సమాచార హక్కు. ఫీజు గ్రామ స్థాయి ఆఫీసులో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10. జవాబుకి 30 రోజులు, రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు. ప్రశ్నలు "ఎందుకు చేయలేదు" అని అడగకండి, దానికి జవాబు ఇవ్వనక్కర్లేదు. కాగితాలు అడగండి: ఒప్పందం నకలు, బాధ్యత గడువు ముగిసే తేదీ, అప్పగింత ఉత్తరం, గత మూడేళ్లలో ఈ బాట మీద పెట్టిన ఖర్చు, ఎంబీ నకలు. ఎంబీ అంటే జరిగిన పని కొలతలు రాసే పుస్తకం. బిల్లు దాన్ని బట్టే వస్తుంది. పుస్తకంలో 10 సెంటీమీటర్ల మొరం అని ఉండి బాట మీద 4 ఉంటే టేపుతో మీకే తెలుస్తుంది. ఈ చట్టం కింద పనిని స్వయంగా తనిఖీ చేసి, వాడిన సామాను నమూనా తీసుకునే హక్కు కూడా ఉంది, చాలామందికి తెలియదు.

వెంటపడటం అంటే అధికారిని శత్రువుగా చూడటం కాదు. ఒక్కో ఏఈ మీద ఎన్ని పనులుంటాయో వాళ్ల ఆఫీసులో అరగంట కూర్చుంటే తెలుస్తుంది. మంచిగా చేసిన పనికి అదే ఆఫీసుకి కృతజ్ఞతా పత్రం ఇవ్వండి, ఫైల్లో పడుతుంది, వచ్చే ఏడాది మళ్లీ అక్కడికే వెళ్లాలి. బిల్లులు ఆలస్యమై కాంట్రాక్టర్లు చిన్న పనులకు ముందుకు రాకపోవడం కూడా ఉంది. అప్పుడు కార్పొరేషన్ సొంత కూలీలతో చేయించమని అడగడం మేలు.

పని మొదలైన రోజు నుంచి ఇద్దరు మనుషులను పెట్టండి, పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు. మొరం పోశాక నీళ్లు చల్లి రోలర్ తిప్పారా, వాలు ఎటు ఇచ్చారు, పైపు నోరు బాటకంటే కింద ఉందా. ఈ మూడు చూస్తే చాలు.

ఒకసారి పద్దు వచ్చాక ఒక రిజిస్టర్ పెట్టుకోండి. తేదీ, ఏం పని, ఎవరు చేశారు, ఎంత మంజూరైంది. అధికారులు బదిలీ అవుతారు, కార్పొరేటర్లు మారతారు, కొత్తగా వచ్చినవాళ్లకి ఈ రిజిస్టర్ చూపిస్తే మొదటి నుంచి చెప్పుకురానక్కర్లేదు. రిజిస్టర్ ఒక్కరి ఇంట్లోనే ఉండకుండా ఏడాదికొకరికి మార్చండి. మేలో మృగశిర కార్తె రాకముందు, అదే నోట్‌బుక్, అదే టేపుతో మత్తడి నుంచి మళ్లీ నడిచి, ఏ పైపు నోరు పూడిందో రాసి ఏఈకి పంపండి.